అనౌన్సరుగారు చెప్పిన ముగింపు

అనౌన్సరుగారికి ఒకటే జబ్బు. ఏ నవల చదివినా దాని ముగింపు పదిమందికీ చెప్పేదాకా ఆయనకు ముద్ద దిగదు.

ముప్పై రెండేళ్లు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, వచ్చేపోయే బళ్ల సంగతి చెప్పి రిటైరైన మనిషి. "బండి ఎక్కడికెళ్తుందో చెప్పకుండా జనాన్ని ఎక్కిస్తామా? పుస్తకం ఏం పాపం చేసింది?" అని ఆయన వాదన. లైబ్రరీ హాల్లో నిలబడి గొంతు సవరించుకుని, "పాఠకులకు గమనిక. మూడు వందల పన్నెండో పేజీలో కథానాయిక తిరిగి వస్తుంది. కంగారు పడవద్దు" అని ప్రకటించేవారు. చెప్పిన ముగింపు ఒక్కనాడూ తప్పలేదు.

ఆయనతో పడలేక లైబ్రేరియన్ ఒకసారి చివరి ఇరవై పేజీలకూ పిన్నులు కొట్టి మరీ పుస్తకం ఇచ్చింది. మర్నాడు ఆ పిన్నులన్నీ అగ్గిపెట్టెలో పోసి తెచ్చిచ్చారు. "ఒక్కటీ పోలేదమ్మా, చూసుకో. హంతకురాలు వదినగారే."

ఆ యేడు లైబ్రరీకి ఒక థ్రిల్లర్ వచ్చింది. అందులో బయటి శత్రువులెవరూ ఉండరు. ఊళ్లోనే పుట్టి పెరిగి, పక్కింటివాళ్లతో నవ్వుతూ మాట్లాడే మనిషే ఆ ఊరి మార్కెట్లో, సినిమాహాల్లో బాంబులు పెడుతుంటాడు. ఎవరన్నది చివరిదాకా తేలదు. మొదట చదివింది అనౌన్సరుగారే. "దీని గురించి పెదవి విప్పారో, మీ కార్డు చింపేస్తాను బాబాయిగారూ" అని లైబ్రేరియన్ ఒట్టు వేయించుకుంది. పాపం, ఆయన మూడు వారాలు జ్వరం తగిలినవాడిలా తిరిగారు.

తక్కినవాళ్లంతా ఆ పుస్తకం కోసం ఎగబడ్డారు. ఉన్నది ఒక్క కాపీ కాబట్టి మనిషికి రెండే రోజులంది లైబ్రేరియన్. రెండు రోజుల్లో ఎవరికీ సగం దాటలేదు. అదే కొంప ముంచింది. మొదటి సగమంతా అనుమానం వాచీలు బాగుచేసేవాడి మీదే నడుస్తుంది. లైబ్రరీ మెట్ల కింద గదిలో ఉన్నది నిజంగానే ఒక వాచీల దుకాణం.

"అచ్చు ఇతనే! కథలోవాడూ ఎడం కంటికే అద్దం బిగించుకుంటాడు" అంది డ్రాయింగు టీచరు.

"మొన్న ఇతని దగ్గరే అలారం గడియారం బాగుచేయించానండీ. తెల్లవార్లూ ఒకటే టిక్కుటిక్కు! లేవగానే బకెట్ నీళ్లలో ముంచేశా" అన్నాడు మందుల షాపాయన.

"గడియారం టిక్కుమనక ఇంకేమంటుందండీ?" అంది లైబ్రేరియన్.

"అది కథ చదవకముందు మాట!"

"ఎంతైనా కథే కదా."

"కథేననుకోండి. ఎందుకైనా మంచిది."

ఒకరోజు వాచీలతనే మెట్లెక్కి వచ్చాడు. "అక్కా, ఊళ్లో గడియారాలన్నీ ఒక్కసారే బాగుపడిపోయాయా ఏంటి? ఇరవై రోజులైంది, ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. ఈ నెలంతా ఇలాగే ఉంటే దుకాణం ఎత్తేసి మా బావమరిది కొట్లో మూటలు మొయ్యాల్సిందే."

మూల కుర్చీలో అనౌన్సరుగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

ఆ సాయంత్రం, హాలు కిటకిటలాడే వేళ, ఆయన లేచి నిలబడ్డారు. "పాఠకులకు గమనిక. వాచీలవాడు ఏ పాపం ఎరగడు. అసలు దోషి రెండు వందల డెబ్బయ్యో పేజీలో గానీ రంగంలోకి దిగడు. అతను రిటైరైన రైల్వే అనౌన్సరు."

"అనౌన్సరా!"

"ఆఁ. మైకులో బళ్ల నంబర్లు చదువుతూ వాటి మధ్యలో ముఠాకి సంకేతాలిస్తాడు. చూడ్డానికి పెద్దమనిషి. వట్టి దుర్మార్గుడు."

ఆయన మాటకు తిరుగేముంది? మర్నాటికి దుకాణంలో అరడజను గడియారాలు చేరాయి. నీళ్లలో మునిగినదాన్ని చంకన పెట్టుకుని మందుల షాపాయనా వచ్చాడు. ముగింపు తెలిసిపోయాక ఇక ఆ నవలను అడిగినవాళ్లే లేరు. కాకపోతే రీడింగు రూములో అనౌన్సరుగారికి అటూ ఇటూ రెండేసి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"ఆ సంచిలో ఏముందండీ?" అని దూరం నుంచే అడిగింది డ్రాయింగు టీచరు.

"గొడుగమ్మా."

"గొడుగేనా?"

ఒట్టు తీసి గట్టున పెట్టినందుకు లైబ్రేరియన్‌కు ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి ఆసాంతం చదివేసింది. సోమవారం పొద్దున్నే ఆయన్ని బల్ల దగ్గరికి పిలిచింది.

"బాబాయిగారూ, ఇందులో అనౌన్సరే లేడు! అసలు రైలే లేదు!"

"లేదమ్మా."

"బాంబులు పెట్టింది వాచీలవాడే!"

"మెల్లగా తల్లీ. కింద బేరం జరుగుతోంది."

ఆవిడ గొంతు తగ్గించింది. "అబద్ధమే చెప్పదలుచుకుంటే ఏ డ్రైవరో అనొచ్చుగా? మీ నెత్తినే వేసుకున్నారెందుకు?"

"డ్రైవరంటే రేపు డ్రైవర్ల బండెవరెక్కుతారు? టైలరంటే బట్టలెవరిస్తారు? నేనంటావా, రిటైరైపోయా. జనం నా దగ్గరికి రాకపోతే మునిగేదేముంది?" అంటూ జేబులోంచి లైబ్రరీ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. "ఒట్టు తప్పాను. చింపెయ్."

ఆవిడ కార్డును ఆయన జేబులోకే తోసేసి, ఒక్క పేజీ అయినా చిరగని ఆ నవలను బైండింగుకు పంపే కట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టింది.

మధ్యాహ్నం వాచీలతను వచ్చాడు, కంటి అద్దం నుదుటి మీదికి నెట్టుకుని. "అక్కా, నా బోటివాడి మీద కథ రాశారటగా? ఓసారి ఇస్తే చదివి ఇచ్చేస్తా."

"బైండింగుకు పోయింది తమ్ముడూ. వచ్చేసరికి ఏడాది పట్టినా పట్టొచ్చు."

"పోనీ, ముగింపైనా చెప్పక్కా. ఆ అనౌన్సరు వెధవ చివరికి దొరికాడా?"

లైబ్రేరియన్ మూల కుర్చీ వైపు చూసింది. పేపరు వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది.

"లేదు. దర్జాగా తిరుగుతున్నాడు" అంది.

మూల కుర్చీలో పేపరు ఊగిపోవడం మొదలుపెట్టింది.