ఉప్పు తగినంత

ఈ ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా కోడలు సెల్‌ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి నిలబెట్టి, అందులో వంట చేస్తున్న ఎవరో ఆవిడను చూస్తూ బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. మా అబ్బాయి అప్పటికే శ్రీసిటీలో ఫ్యాక్టరీకి పోయే బస్సుకు వెళ్ళిపోయాడు. నేను కాఫీ గ్లాసు కడుక్కుందామని వంటింట్లోకి పోయాను. ఫోన్లో ఆవిడ నూనె ఇంత, ధనియాలు ఇన్ని అని కొలతలతో చెబుతూ వచ్చి, ఉప్పు దగ్గరికి వచ్చేసరికి "మీ రుచికి తగినంత" అంది. కోడలు డబ్బాలో చెయ్యి పెట్టి ఇంత తీసి వేసింది. ఎంత తీసిందో చూసుకోను కూడా లేదు. నేను గ్లాసు బోర్లించి బయటికి వచ్చేశాను. ఆ మాట వినబడితే ఇప్పటికీ వంటింట్లో నిలబడలేను.

తొంభైల మొదట్లో నా భార్య తిరుపతి బస్టాండులో ఒక వంటల పుస్తకం కొన్నది. వంట రాక కొన్నది కాదు. ఆమెది బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల మధ్య ఒక పల్లె. పెళ్ళినాటికే ఇరవైమందికి వండి వార్చగలిగేది. ఆ రోజు చిత్తూరు బస్సు ఎంతసేపటికీ రాలేదు, చదవడానికి ఏదో ఒకటి కావాలనిపించింది, అంతే. పుస్తకం రాసినావిడ కోస్తా వైపు మనిషి. బస్సులోనే ఆవిడతో నా భార్యకు పేచీ మొదలైంది. "ఈయమ్మ అన్నిట్లోనూ బెల్లమేస్తా ఉండాది, సూడండి. ఇది పులుసా, పాయసమా?" అని నాకు పేజీ చూపించింది. అయినా పుస్తకాన్ని విడిచిపెట్టలేదు. మిక్సీకి ఆనించి తెరిచి పెట్టి, పేజీ తిరగకుండా పప్పుగుత్తి అడ్డం వేసి, రాసినావిడను తిట్టుకుంటూనే వండేది. పసుపు చేతులతో తిప్పీ తిప్పీ పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అందులో అలసందల పులుసు ఒకటి ఉండేది. బెల్లం తీసేసి, కారం పెంచి, దాన్ని తనదిగా చేసుకుంది. "ఇంట్లో ఎవురికి ఏం ఇష్టమో అందరూ అడగతారు. నాకేం ఇష్టమో ఎవురూ అడగరు గదా, అందుకని నేనే చెప్తా ఉండా. నాకు ఇది ఇష్టం" అని ఒకసారి వడ్డిస్తూ ప్రకటించింది. అప్పటినుంచి అది ఆమె పులుసు.

నేను అప్పట్లో ఒక ప్రెస్సులో కంపోజింగు చేసేవాణ్ణి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా సొంత డబ్బుతో వేసుకునే కవితల పుస్తకం. రెండువేల సంవత్సరం దాటాక ప్రెస్సువాళ్ళు కొత్త కంప్యూటర్లు కొని, పాతదొకటి నాకు ఇచ్చారు. దాన్ని హాల్లో బల్ల మీద పెట్టి, ఏం చెయ్యాలో తోచక, ఆ వంటల పుస్తకాన్ని అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పేజీలు పాడైపోతున్నాయి, ఆమె కోసమే ఈ శ్రమ అని అందరికీ చెప్పాను. అసలు సంగతి, తప్పుల్లేకుండా ఒక పుస్తకం టైపు చెయ్యాలన్న కోరిక నాకు ఉండేది. కవులెవరూ దానికి అవకాశం ఇవ్వలేదు. పుస్తకంలో నాకు నచ్చనిది ఒకే మాట. ప్రతి వంట చివరా "ఉప్పు తగినంత" అని ఉండేది. కంప్యూటర్లో పెట్టాక ఆ మాట ఉండకూడదని నిర్ణయించుకున్నాను. నా భార్య జాడీలోంచి కల్లుప్పు తీసి గిన్నె మీదికి చెయ్యి చాపగానే కింద సాసరు పట్టి, దాన్ని చెంచాతో కొలిచి, కాగితం మీద రాసుకునేవాణ్ణి.

"పులుసు పొయ్యి మింద కాగతా ఉంటే మధ్యలో ఈ సోదాలేంది? నేనేమన్నా ఉప్పు ఎత్తుకపోతా ఉండానా?" అనేది.

"నిన్న ఒకటిన్నర చెంచా వచ్చింది, ఈరోజు ఒకటీ పావు వచ్చింది. ఏది టైపు కొట్టమంటావు?"

"నిన్నటి చింతపండు వేరు, ఈపొద్దుటి చింతపండు వేరు. తగినంత అని కొట్టండి. ఆ రాసినామె బెల్లం సంగతిలో తప్పితే బుద్ధిమంతురాలే. ఎవురి నాలిక వాళ్ళదని విడిసిపెట్టింది."

నేను ఒకటిన్నర అని కొట్టాను. కొన్ని నెలలకు పుస్తకం పూర్తయింది. ఆమె మాత్రం వంటింట్లో కాగితం పుస్తకమే వాడేది. హాల్లోకి వచ్చి తెర చూసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేలోపు పోపు మాడిపోతుందని ఆమె వాదన. ఒకసారి నిజంగానే మాడింది.

తర్వాత ఆమెకు బీపీ వచ్చింది, దాని వెనకే కిడ్నీల జబ్బు. డాక్టరు ఉప్పు సగానికి తగ్గించమన్నాడు. ఇలాంటి రోజు కోసమే నేను అన్నీ కొలిచి పెట్టినట్టయింది. పాత ఫైలు అలాగే ఉంచి, ఇంకొకటి చేశాను. ప్రతి వంటలోనూ ఉప్పు సగం. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి వంటింటి గోడకు అంటించాను. కాగితం పుస్తకం స్టీలు డబ్బాల వెనక్కి వెళ్ళింది. ఆమె వాదించలేదు. గోడ చూసి కొలిచి వండేది, నా ఎదురుగా కూర్చుని తినేది. ఒకరోజు మాత్రం ముద్ద కలుపుతూ, "ఆ కంప్యూటర్లో ఒక్క పావు చెంచా ఎక్కువ కొట్టకూడదా?" అంది.

"డాక్టరు ఒప్పుకోడు."

"డాక్టరు మనింట్లో తింటాడా ఏంది?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఉప్పు పెంచలేదు. ఇంకోసారి ఆమె ఊరగాయ జాడీ మూతకు అంటిన కారాన్ని వేలితో తీసి నాలుకకు రాసుకుంటూ నాకు కనబడింది. సాయంత్రం ఆ జాడీ తీసుకుపోయి పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. రెండేళ్ళు అలా గడిచాక ఒక వేసవిలో ఆమె పోయింది.

సంవత్సరీకం బంధువుల చేతుల మీదుగా జరిగిపోయింది. ఆ తర్వాత వచ్చిన మహాలయ అమావాస్యకు మాత్రం నేనే వండుతానన్నాను. ఆ రోజు మా వైపు ఇళ్ళల్లో పెద్దలకు పెట్టుకుంటారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి, దీపం పెట్టి, మిద్దె మీద కాకికి పెట్టిన తర్వాత ఇంట్లోవాళ్ళు తింటారు. ఒకటే కట్టుబాటు: వాళ్ళకు పెట్టేదాకా ఆ వంటను ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. ఆడవాళ్ళు వాసనతోనే ఉప్పు చెప్పేవాళ్ళు. నాకు ఆ విద్య రాదు. మా వదిన, అంటే నా భార్యకు అక్క, బంగారుపాళ్యం నుంచి తెల్లవారుజాము బస్సుకే వచ్చి నేను వండుతానంది. నేను ఒప్పుకోలేదు. అలసందల పులుసు నేనే చెయ్యాలి, అందులో ఈసారి ఉప్పు సరిగ్గా ఉండాలి. రెండేళ్ళు ఆమె అడిగింది అదొక్కటే.

డబ్బాల వెనకనుంచి పుస్తకం దించి, పేజీ తెరిచి, మిక్సీకి ఆనించాను. బెల్లం మానేసి, కారం ఆమెలాగే పెంచి, చింతపండు, అలసందలు, వంకాయలు, పులుసు పొడి, మిగతావన్నీ దాని ప్రకారమే వేశాను. చివరికి ఉప్పు దగ్గరికి వస్తే "తగినంత". రుచి చూసే హక్కు లేనివాడికి, చేతి అంచనా తెలియనివాడికి ఆ మాట దేనికీ పనికిరాదు. మంట తగ్గించి హాల్లోకి వెళ్ళి కంప్యూటరు పెట్టాను. రెండు ఫైళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. సగం ఉప్పుది కాకుండా పాతది తెరిచాను. తెరవడానికి కొంచెం సేపు పట్టింది. కంప్యూటరు వల్ల కాదు.

"ఏం మరిదీ, పులుసు పొయ్యి మింద, నువ్వు టీవీ ముందర?" అని వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీవీ కాదు వదినా. ఉప్పు ఎంతో చూస్తున్నాను."

"ఉప్పు సూసేదానికి కరెంటు కావాల్నా? జరుగు, వాసన సూసి నేను చెప్తా."

"వద్దు వదినా. ఆమె చేత్తో వేసిన కొలతే ఇక్కడ ఉంది."

నేను ఒకటిన్నర చెంచా నిండుగా కొలిచి వేశాను. ఆ నిమిషంలో, ఎందుకు దాచుకోవాలి, సంతోషంగానే ఉన్నాను.

కాకి వచ్చింది. మేము ఆకుల ముందు కూర్చున్నాం. మా అబ్బాయి మొదటి ముద్ద తిని, నీళ్ళు తాగి, తల ఎత్తకుండా రెండో ముద్ద కలుపుకున్నాడు. నేను నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు మీద ఉప్పు వేసినట్టుంది.

"కాకి తినింది గదా?" అంది వదిన.

"తినింది పెద్దమ్మా" అన్నాడు మావాడు.

"తింటాది. దానికి బీపీ లేదు." ఇంకో ముద్ద తిని నావైపు చూసింది. "మా సెల్లెలికి రెండేండ్లు సప్పిడి పెట్టినావు. ఇప్పుడేమో ఆ రెండేండ్ల ఉప్పూ ఒక్క పొద్దుకే పెట్టేసినావు గదప్పా!"

అని తనే ముందు నవ్వింది. మావాడూ నవ్వాడు. నవ్వుతూనే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కారం ఎక్కువైందని చెప్పింది. కారం ఎక్కువ కాలేదు. ఆకులో ఒక్క గింజ మిగల్చకుండా తిని, పులుసు ఇంకొంచెం వేయించుకుంది.

ఉప్పు ఎందుకు ఎక్కువైందో వంటిల్లు సర్దుతున్నప్పుడు తెలిసింది. నా భార్య వాడింది కల్లుప్పు. ఆమె పోయాక నేనూ మావాడూ దుకాణంలో ప్యాకెట్ ఉప్పు తెచ్చుకుంటున్నాం. ఉప్పు జాడీ ఖాళీ అయినా మళ్ళీ నింపలేదు. రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది, పొడిలో ఉండదు. చెంచా అదే, ఉప్పు వేరు. నేను అన్నీ కొలిచాను గానీ ఏ ఉప్పో రాసుకోలేదు. పుస్తకం రాసినావిడ మా ఇంటి జాడీ చూసినది కాదు, అయినా "తగినంత" అన్న ఆవిడ మాట తప్పు కాలేదు.

పులుసు సంగతి చిన్నది. వదిన మాట నన్ను పట్టుకున్నది వేరే కారణానికి. డాక్టరు చెప్పినట్టు చేశాను, ఎవరైనా అదే చేసేవాళ్ళు. ఈ మాట చాలామంది నాతో అన్నారు, నేనూ చాలాసార్లు అనుకున్నాను. ఆ చప్పిడి తిండి వల్ల ఆమెకు ఎన్ని రోజులు ఎక్కువ వచ్చాయో ఏ డాక్టరూ చెప్పలేడు. ఎన్ని పూటలు ఆమె ఇష్టం లేకుండా తిన్నదో నాకు తెలుసు, ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేనే. ఆ ఊరగాయ జాడీని అదే రోజు ఇవ్వకుండా ఒక వారం ఆగి ఇచ్చి ఉండవచ్చు. ఏమీ అయ్యేది కాదు. అయ్యేదేమో కూడా. ఈ రెండింటి మధ్యే నేను ఇన్నేళ్ళు ఉన్నాను.

మరుసటి ఏడు అమావాస్యకు వదిన మళ్ళీ వచ్చింది. ఈసారి పొయ్యి దగ్గర నన్ను పక్కకు జరిపి, పులుసు గరిటెతో ఇంత తీసి తన అరచేతిలో పోసుకుని నాకింది. నేను కట్టుబాటు గుర్తు చేశాను.

"బతికినోళ్ళకు సూసి పెడతాము, సచ్చినోళ్ళకు సూడకుండా పెట్టాల్నా? పాపమొస్తే నాకు రానీ" అంది. ఉప్పు సరిపోయిందో లేదో నన్నూ చూడమని అరచెయ్యి చాపమంది. చాపాను. సరిపోయింది.

వదిన ఇప్పుడు లేదు. ఆమెకూ ఆ రోజే పెట్టుకుంటున్నాం. ఆ పాత కంప్యూటరు ఎప్పుడో పాడైంది. పుస్తకం ఉంది, కానీ ఎవరూ తెరవరు. ఏళ్ళు గడిస్తే మరుపు వస్తుందని అంటారు. నాకు వచ్చింది మరుపు కాదు, అలవాటు. అమావాస్య రోజు పులుసు దించే ముందు కోడలు నన్ను పిలిచి నా అరచేతిలో ఇంత పోస్తుంది, నేను చూసి చెబుతాను. మా ఇంట్లో ఇప్పుడు రుచి చూడకుండా పెద్దలకు పెట్టడం లేదు.