పద్నాలుగు రోజుల నోటీసు

మా మేనేజరు నన్ను కాంట్రాక్టు వ్యవహారాల శిక్షణకు పంపింది నా మీద కోపంతోనే.

అప్పుడు నేను యర్రగొండపాలెం దాటాక అడవి అంచున ఒక వాగు మీద కడుతున్న చిన్న వంతెనకు సైటు ఇంజనీరుని. కాంట్రాక్టు మా కంపెనీది. ప్రభుత్వం తరఫున పని చూసేది ఏఈ, అంటే శాఖ అసిస్టెంట్ ఇంజనీరు. మాది గిద్దలూరే, ఆయనదీ గిద్దలూరే. మొదట్లో నా టిఫిను డబ్బాలోంచి చింతకాయ పచ్చడి అడిగి వేయించుకునేవాడు. "మనూరి పిల్లవి, నీకేం భయం లేదమ్మా" అనేవాడు.

ఆ వేసవిలో మా కంకర లారీలను అడవి చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఆ దారిన లారీలు తిప్పడానికి అనుమతి తేవలసింది ఏఈ గారి శాఖ. తేలేదు. ముప్పై ఎనిమిది రోజులు పని ఆగిపోయింది. నేను అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట: "ఆగిన దినాలన్నీ నేను గడువులో కలిపిస్తా. నువ్వు ఉత్తరాలు రాసి పైవాళ్లను కదిలించొద్దు."

నమ్మాను. వానలు మొదలయ్యాక శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఆలస్యానికి బాధ్యత మొత్తం మాదేనట, కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంది. కింద సంతకం ఆయనదే.

ఫోన్ చేశాను. "పైనుంచి ఒత్తిడమ్మా. నేనేం జేసేది" అని పెట్టేశాడు.

ఆ మంటలో నాలుగు పేజీల జవాబు రాసి పంపాను. దాని నకలు చదివిన మేనేజరు కాగితాలు బల్ల మీద విసిరేశాడు. "ఇట్లాంటివి మీ అత్తగారింటికి రాసుకో. ఆఫీసుకు కాదు" అన్నాడు. మర్నాడే నా పేరు శిక్షణకు ఇచ్చాడు.

మార్కాపురంలో ఒక లాడ్జి పైఅంతస్తు హాల్లో మూడు రోజులు. ఎవరూ చెప్పకుండానే కాంట్రాక్టర్ల మనుషులం ఒక పక్క, శాఖల ఇంజనీర్లు ఇంకో పక్క కూర్చున్నాం. అవతలి పక్క మూడో వరుసలో మా ఏఈ. నన్ను చూసి కూడా చూడనట్టు సెల్ తీసుకున్నాడు. శిక్షణ ఇచ్చేది రిటైరైన పెద్ద ఇంజనీరు. ఎన్నో కాంట్రాక్టు తగాదాలు విని తీర్పులు చెప్పిన మనిషి, గొంతు మాత్రం ఎప్పుడూ పెంచడు.

రెండో రోజు ఆయన తెర మీద ఒక ఉత్తరం వేశాడు. పేర్లన్నీ నల్లగా కొట్టేసి ఉన్నాయి. మొదటి వాక్యానికే నా చెవులు వేడెక్కాయి. అది నాదే.

"'తమరే మాట ఇచ్చి ఇప్పుడు ఇలా చేయడం న్యాయమా' అంట" అని నెమ్మదిగా చదివాడు. "ఇది నోటీసా, ఏడుపా?"

హాలంతా నవ్వింది. మా ఏఈ తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. ఉత్తరం బయటపెట్టింది ఆయనేనని నేను ఖాయం చేసుకున్నాను.

"పని ఆగిన పద్నాలుగు రోజుల్లోపు నోటీసు ఇయ్యాలని ఈ కాంట్రాక్టులోనే ఉంది. ఆ పద్నాలుగు రోజులూ ఈ మనిషి ఏం జేస్తా ఉన్నట్టు?" అని అడిగాడు పెద్దాయన.  నేను నోట్సులో 'పద్నాలుగు' అని రాసుకున్నాను.

మూడో రోజు ఉత్తుత్తి విచారణ పెట్టారు. వివాదం మాదే, పేర్లు మార్చారు. పాత్రలు తిరగేసి నన్ను శాఖ తరఫున, ఏఈని కాంట్రాక్టరు తరఫున నిలబెట్టారు. నేను ముందు మాట్లాడి, గడువులో నోటీసు రాలేదు కాబట్టి కాంట్రాక్టరుకు హక్కు లేదన్నాను. నా నోటితో నేనే అనాల్సి వచ్చింది. తర్వాత ఆయన లేచాడు. అనుమతి తేవలసింది శాఖే అన్నాడు. లారీలు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఆగాయో తేదీలతో సహా చెప్పాడు. నేను నాలుగు పేజీల్లో చెప్పలేనిది నాలుగు నిమిషాల్లో చెప్పాడు. అంటే మొదటి నుంచీ ఆయనకు అంతా తెలుసు.

"వాదన బాగుంది. కాగితమేదీ?" అన్నాడు పెద్దాయన.

ఏఈ మంచి ఊపు మీదున్నాడు. "నోటీసు లేకపోయినా, సైటు డైరీలో పని ఆగినట్టు రాసి, దాని కింద శాఖ ఇంజనీరు సంతకం ఉంటే చాలు సార్. ఆయనకు తెలిసినట్టే లెక్క" అన్నాడు.

అన్నాక నా వైపు చూశాడు. ముఖంలో నవ్వు లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా బస్సెక్కి సైటుకు వెళ్లాను. ఏ రోజు ఏం జరిగిందో డైరీలో రాయడం నా పని. వచ్చిన రోజున సంతకం పెట్టడం ఆయన పని, చదివేవాడు కాదు. లారీలు ఆగిన ఆరో రోజు పేజీ దొరికింది. 'చెక్‌పోస్టు దగ్గర లారీలు నిలిచినవి. పని లేదు. అనుమతి గురించి ఏఈ గారికి చెప్పడమైనది.' కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం.

పొద్దున్నే ఆయన సైటుకు వచ్చాడు. "ఆ డైరీ ఒకసారి ఇయ్యమ్మా, చూసిస్తా."

"కావాలని ఉత్తరం రాయండి సార్. జిరాక్సు ఇస్తా."

"నాకు మెమో ఇస్తారు. నీకేం వస్తాది దాంతో?"

"నా ఉత్తరం అందరి ముందర పెట్టి నవ్వినప్పుడు మీకేం వచ్చింది?"

"నవ్వింది నిజమే. ఉత్తరం ఆ పెద్దాయనకు ఇచ్చింది మాత్రం నేను గాదు. మీ మేనేజర్ని అడుగు."

అడిగాను. మేనేజరు తడుముకోలేదు. "నేనే ఇచ్చినా. అట్లన్నా నేర్చుకుంటావని" అన్నాడు.

తెలిశాక కూడా, కొత్తగా రాసిన జవాబుకు ఆ పేజీని జత చేశాను. ఏఈ మీద జాలి కలగలేదు. ఉత్తరం ఇవ్వకపోయినా మాట తప్పింది ఆయనే. మార్కాపురంలో పై అధికారి ముందు జరిగిన విచారణ అరగంటలో ముగిసింది. ఆగిన రోజుల్లో, సంతకమున్న ఆరో రోజు తర్వాతి ముప్పై రెండు మాకు గడువుగా కలిపారు, రద్దు మాట వెనక్కి తీసుకున్నారు. ఏఈకి మెమో ఇచ్చి, వంతెన అయ్యేదాకా అక్కడే ఉంచారు.

ఆయన రేకుల షెడ్డు నుంచి నా షెడ్డుకు యాభై అడుగులే, అయినా అప్పటి నుంచి మా మధ్య పనంతా ఉత్తరాల మీదే నడిచింది. సిమెంటు బస్తాల గురించి ఉత్తరం, దానికి జవాబు, జవాబుకు మళ్లీ జవాబు. వాటిని మోసేది మా కాపలామనిషి, దగ్గరి గూడెం నుంచి వచ్చే పెద్దావిడ. ఒకరోజు ఎండలో నాలుగోసారి తిరిగి వచ్చి కాగితం నా బల్ల మీద పెట్టింది.

"ఆ అయ్య ఆడనే కూసున్నాడు కదమ్మా. నోటితో చెప్పుకుంటే ఏం పోయె?"

నేను జవాబు రాసి ఆమె చేతికిచ్చాను. అందిన టైము వేయించుకుని సంతకం పెట్టించుకురమ్మన్నాను.