సగం విచ్చుకున్న యాంటెన్నా

బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో మా కంపెనీ చేసేవి చిన్న లోహపు భాగాలే. ఆ ఏడాది ఒక సమాచార ఉపగ్రహం యాంటెన్నాకు కీళ్లు చేసిచ్చాం. రాకెట్‌లో పట్టడం కోసం పెద్ద పళ్లెంలాంటి ఆ యాంటెన్నాను ఉపగ్రహం పక్కకు మడిచి కడతారు. పైకి చేరాక అది మా కీళ్ల మీద తిరిగి విచ్చుకోవాలి. వాటిని చివరిసారి పరీక్షించి పంపింది నేనే.

ప్రయోగం రోజు సాయంత్రం అందరం క్యాంటీన్ టీవీ ముందు చేరాం. రాకెట్ లేచింది, ఉపగ్రహాన్ని వదిలింది. చప్పట్లు కొట్టి మైసూరుపాకు పంచారు. నా ముక్క చేతిలోనే మెత్తబడింది. మా సూపర్‌వైజర్ పక్కకొచ్చారు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగాయన.

"తినమ్మా. మన పని ఇంగా ఉండాది. దానికి దినాలు పడ్తాది."

ఉపగ్రహం సొంత ఇంజన్‌తో మెల్లగా తన ఎత్తుకు చేరాలి. అన్నాళ్లూ నాకు కాలు నిలవలేదు. సర్జాపురలోని మా ఫ్లాట్‌లో బీరువా తలుపు తీసేదాన్ని, వేసేదాన్ని, మళ్లీ తీసేదాన్ని.

"తలుపుకేమైంది? ఆయిల్ వెయ్యనా?" అన్నాడు మా ఆయన.

"బాగానే ఉంది."

"మరి నువ్వు?"

తలుపు మూసి వంటింట్లోకి వెళ్లాను.

ఒక ఉదయం సూపర్‌వైజర్ ఫోన్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. "కమాండ్ ఇచ్చినారంట. సగంలో నిలిచిపోయిందంట."

లేచి నిలబడ్డాను. "ఏ కీలు?"

"తెలీదు. చలికి బిగుసుకుందేమో అంటాండారు. ఆ పక్కను ఎండకు తిప్పి చూస్తారంట."

పరీక్ష గదిలో అలాంటిదే మరో కీలు ఉంది. గడ్డకట్టే చలిలో పెట్టి తిప్పాను. తిరిగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తిరిగింది. అది సాఫీగా తిరిగినకొద్దీ భయం పెరిగింది. మరి పైనున్నది ఎందుకాగినట్టు?

మధ్యాహ్నం అన్నం సయించక ఆవరణలోకి వెళ్లి నిలబడ్డాను.

"ఎండ కావాల్సింది నీకు కాదమ్మా, దానికి," అన్నారు సూపర్‌వైజర్, వెనకే వచ్చి. నేను నవ్వలేకపోయాను. ఆయనా నవ్వలేదు.

సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కుతుంటే ఆయన గేటు దాకా వచ్చారు. "తెరుచుకునిందమ్మా, పూర్తిగా."

బస్సు మెట్టు మీదే కూలబడ్డాను. వెనకవాళ్లు జరగమంటున్నా లేవలేకపోయాను.

"ఎందుకాగిందో చెప్పినారా సార్?"

"లేదమ్మా. పనైపోయినాక ఎవరు చెప్తారు?"

ఆ ఉపగ్రహం ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ జవాబు మాత్రం మాకింకా రాలేదు.