హలో అక్క తెరిచిన తలుపు

మా ఆసుపత్రిలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ‘హలో అక్క’. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని "హలో, ఎవరికి కలపమంటారు?" అని అడిగిన గొంతు అది. బోర్డు తీసేసినప్పుడు ఆవిడనూ ఇంటికి పంపేస్తారనుకున్నాం. ఆవిడ ఊరుకుంటేగా! నలభై ఏడేళ్ళ వయసులో, చత్వారం కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చుకుని, సర్వర్లను నడిపే లినక్సు నేర్చుకుంది. "వైర్ల బదులు అక్షరాలు, అంతేగా!" అనేది. మెట్ల కిందున్న సర్వర్ గది, అందులో ఒక కాలు ఊగే కుర్చీ, ఇప్పుడు ఆవిడ సామ్రాజ్యం.

నేను ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. నాకు నోరు కాస్త ఎక్కువని పేరు. ఆ రోజు ఆ పేరు బాగానే నిలబెట్టుకున్నాను.

పొద్దున కరెంటు పోయి వచ్చింది. సర్వర్ ఆగిపోయి మళ్ళీ లేచింది. కానీ నేను పంపిన రిపోర్టు ఒక్కటీ వార్డుల్లో తెరుచుకోదు. నర్సులు కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సర్వర్లన్నీ బయటి కంపెనీకి అప్పగించాలా వద్దా అని తేల్చడానికి సూపరింటెండెంటుగారు టై కట్టుకున్న ఒకాయన్ని పిలిపించింది కూడా ఆ రోజే. అప్పగిస్తే హలో అక్క చీటీలు రాసే కౌంటర్లోకి పోవాలి.

టై ఆయన గదిలోకి ఇలా తొంగిచూసి, "సర్వర్ పాతబడిపోయింది సార్, మార్చెయ్యాల్సిందే," అనేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "నాడి పట్టుకోకుండానే ఆపరేషనా బాబూ?" అన్నాను. సూపరింటెండెంటుగారు నా వైపు గుర్రుగా చూసి, ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళారు.

హలో అక్క తన పాత పద్ధతి మొదలుపెట్టింది. బోర్డు రోజుల్లో లైను పోతే ముందు తన సీటు దగ్గర, తర్వాత పక్క గదిలో, ఆ తర్వాత బయట పలికించి చూసేది. పలకడం ఎక్కడ ఆగితే తెగింది అక్కడే. ఇప్పుడూ అంతే. రిపోర్టుల ప్రోగ్రాం నడుస్తోందా అని సర్వర్‌నే అడిగింది. నడుస్తోంది. 8080 పోర్టు దగ్గర కాచుకుని ఉందా? ఉంది. పోర్టంటే సర్వర్‌కుండే తలుపు లెండి. ఒక్కో పనికి ఒక్కో నంబరు తలుపు. సర్వర్ మీదనుంచే పిలిస్తే పలికింది. వార్డు కంప్యూటర్ నుంచి పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఇంట్లో మనిషి ఉన్నాడే. తలుపే మూసుంది," అంది.

కాపలా కాసే ఫైర్‌వాల్‌లో, తెరిచి ఉన్న తలుపుల జాబితా తీసింది. అందులో 8080 లేదు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పోయిన నెల దీన్ని తెరిచింది నేనే," అంది నెమ్మదిగా. "అప్పటికి పని జరగాలని తాత్కాలికంగా తెరిచా. శాశ్వతంగా రాయడం తర్వాత చూద్దాంలే అనుకుని మర్చిపోయా. సర్వర్ ఆగి లేచేసరికి అది కాస్తా చెరిగిపోయింది."

నేను ఆవిడ చెవిలో గొణిగాను. "అక్కా, గుట్టుచప్పుడు కాకుండా ఆ ఒక్క లైను కొట్టెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన సర్వర్‌ది తప్పంటున్నాడు. పాపం, అదేం చేసింది?"

ఈసారి శాశ్వతంగానే రాసింది. రాసి, నేను కొంగు పట్టుకుని లాగుతున్నా వినకుండా వరండాలోకి నడిచింది. "సార్, సర్వర్‌ది కాదు, తప్పు నాది," అని మొత్తం చెప్పేసింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సూపరింటెండెంటుగారు మొహం గంటు పెట్టుకున్నారు. "రేపు మళ్ళీ కరెంటు పోతే? ఇదే తంతా?"

"రేపటిదాకా ఎందుకు సార్? ఇప్పుడే ఆపి చూపిస్తాను."

వాళ్ళిద్దరినీ గదిలోకి తీసుకొచ్చి, వార్డులన్నిటికీ ఫోన్ చేసి నాలుగు నిమిషాలు ఓపిక పట్టమంది. సర్వర్‌ను రీస్టార్ట్ చేసింది. దాని హోరు ఆగిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ లేవకపోతే? లేచినా తలుపు తెరుచుకోకపోతే? హోరు మళ్ళీ మొదలైంది. ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊగే కుర్చీలో కూర్చుంది. టై ఆయన గడియారం చూసుకుంటున్నాడు.

గోడ మీద ఫోన్ మోగింది.

"హలో, ఎవరికి కలపమంటారు?" అంది అలవాటు కొద్దీ.

"ఎవరికీ వద్దక్కా!" మూడో అంతస్తు నర్సు గొంతు మా అందరికీ వినబడింది. "రిపోర్టులు వచ్చేశాయి. పొద్దుటివి కూడా తెరుచుకుంటున్నాయి!"

సూపరింటెండెంటుగారు టై ఆయనతో, "మీకు శ్రమ ఇచ్చాం, వెళ్ళిరండి," అన్నారు. తర్వాత వంగి కుర్చీ కాలు వంక చూశారు.

"ఇదేమిటమ్మా ఇలా ఊగుతోంది? ఇన్నాళ్ళూ చెప్పరేం? మీకు కొత్త కుర్చీ తెప్పిస్తాను."

హలో అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేనైతే ఆవిడ భుజం పట్టుకుని హాయిగా ఏడ్చేశాను.