తాడులో మందు లేదు

అదే నేను అనేది. మనిషి పోయాడని కబురు పెడితే బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్లను ఏమనాలి? మొన్న మా పాళెం వాట్సాప్ గ్రూపులో బడి పంతులు పెట్టాడు, పాత పశువుల కాంపౌండరు సారు ఆ ఉదయం గూడూరులో గుండెనొప్పితో చనిపోయారని. దాని కింద తొమ్మిది బొటనవేళ్లు. ఒకడు మాత్రం రెండు చేతులు జోడించాడు. అదీ వేలు జారి పక్క బొమ్మ తగిలిందేమో తెలియదు. ఐదు నిమిషాలకు రొయ్యల రేటు వచ్చింది. దాంతో సారు పైకి జరిగిపోయారు.

వాళ్లను అనడానికి నాకు నోరు ఉందా అంటే, లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పులికాట్ ఒడ్డున మాది చేపలు పట్టే పాళెం. నడుం బాగాలేక నేను వేటకు పోను. షెడ్డులో కూర్చుని వలలు బాగుచేస్తాను. ఏడో తరగతి దాకా చదివాను, ఎనిమిదో తరగతికి నేనంటే పడలేదు. కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. చేతలో తప్పులు మాత్రం సర్దుకోవద్దు.

సారు సూళ్లూరుపేట దారిలో ఉన్న పశువుల ఆసుపత్రిలో పనిచేసేవారు. మోపెడ్ వెనక నీలం రంగు పెట్టె కట్టుకుని, వానలు మొదలయ్యే ముందు ఏటా మా పాళెం వచ్చేవారు. రాగానే మొదటి మాట ఐసు.

"చేపకు గంప నిండా పోస్తారే, నా మందుకు గుప్పెడు పొయ్యండి. చల్లదనం పోతే అది మందు కాదు, నీళ్లు."

మా దగ్గర పాడి తక్కువ, కుక్కలు ఎక్కువ. ఇసుకలో చేపలు ఎండేస్తే కాకుల్ని, పందుల్ని తరిమేది అవే. అయినా వాటికి పిచ్చి రాకుండా సూది వేయించాలంటే మావాళ్లకు నవ్వొచ్చేది.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కకు సూదేంది సార్?"

"కుక్కకు వేస్తే నీకు అక్కర్లేకుండా పోతాది. నీ మీద ప్రేమతోనే, దాని మీద కాదు."

ఒక ముసలామె రొయ్యల బుట్టలో పిల్లిని పెట్టుకుని వచ్చింది. పురుగుల మాత్రను సారు పచ్చి రొయ్యలో దాచి పెట్టారు. పిల్లి రొయ్యను తిని మాత్రను బయట పెట్టింది. రెండోసారీ అంతే. మూడోసారి మాత్రను ఆయన చెప్పు మీద పెట్టింది. "ఇది నాకంటే పెద్ద చదువు చదివినట్టుండాదే" అని, ఆ పిల్లి మెడ పట్టుకుని నోట్లోకి వేలితో తోసి, గోటి గీతలతో ఇంటికి పోయారు. పోయే ముందు మా కుళాయి దగ్గర సబ్బుతో పావుగంట చెయ్యి కడుక్కున్నారు. చూసేవాళ్లకు విసుగొచ్చింది గానీ ఆయనకు రాలేదు. "పిల్లి గీరినా కుక్క కొరికినా ముందు ఇదే పని. పసుపూ కారమూ కూరలో వేసుకోండి" అన్నారు.

ఆయన మాటలు కొన్ని మా ఇళ్లల్లో ఇంకా నలుగుతుంటాయి. "రోగం వచ్చినాక రాబాకండి, రాకముందు రండి" అనేవారు. "వచ్చినాక వస్తే నేను చేసేది మీ పక్కన కూర్చోని ఏడవడమే."

ఏ కుక్కకు వేశారో ఏ కుక్కకు వేయలేదో తెలియడానికి గుర్తు కావాలి. పై ఆఫీసు నుంచి మెడపట్టీలు రాలేదు. నా దగ్గర నీలం నైలాను తాడు ముక్కలు మిగిలేవి, వాటిని అడిగి తీసుకుని, సూది పడిన ప్రతి కుక్క మెడలో కట్టేవారు. ముడి వేయడం నేనే నేర్పాను. అయినా ఆయన పద్ధతి ఆయనదే. కొసలు రెండు వేళ్ల పొడవు వదిలేసేవారు. నైలాను కొసలు పీచు లేస్తాయి సార్, మేమైతే బీడీ నిప్పుతో అంటించి మూసేస్తాం అన్నాను. "నేను బీడీ తాగను, కుక్క కూడా తాగదు. పీచు లేస్తే లెయ్యనీ" అన్నారు.

రెండేళ్లకు పాళెం పెద్దలకు ఆ తాడు నచ్చింది. షెడ్డులో కూర్చుని కట్టుబాటు పెట్టారు. మెడలో నీలం తాడు లేని కుక్క పాళెంలో ఉండకూడదు, తరిమేయాలి. సారు సంతోషపడ్డారు. కానీ మావాళ్లు కట్టుబాటును పట్టుకున్నారు, సూదిని వదిలేశారు. కుక్క చస్తే తాడు విప్పి కొత్త కుక్కపిల్లకు కట్టారు. ఒకామె మేకకు కట్టింది. ఒకడు పడవ ముక్కుకు కట్టి, ఈ ఏడు వేట బాగుందన్నాడు.

సారు ఆ పడవను చూసి మొదట పడీపడీ నవ్వారు. తర్వాత మేకను చూశారు. అప్పుడు నవ్వలేదు.

"తాడులో మందు లేదు నాయనలారా. మందు కుక్కలో ఉండాది. తాడు ఉత్త గుర్తు."

అందరం తలలూపాం. అందరికంటే గట్టిగా ఊపింది నేను.

ఆ ఏడాదే మా ముసలి కుక్క పోయింది. ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాను. సారు వచ్చినరోజు నేను వలదారం కోసం పేటకు పోయాను. తర్వాత ఆయన దారిలో కనబడి, "నీ పిల్లకు మూడు నెలలు నిండినాయి కదా, ఆసుపత్రికి తీసుకురా, వేసేస్తా" అన్నారు. రేపు తెస్తానన్నాను. ఆ రేపు రాలేదు. మధ్యలో పెద్దలు తాళ్లు చూడడానికి వీధి తిరుగుతున్నారని తెలిసి, ముసలిదాని తాడును మేకు మీద నుంచి తీసి పిల్ల మెడకు కట్టాను. కొలత ఎక్కువైతే కోసి, బీడీతో కొసలు అంటించాను. పని నీటుగా వచ్చింది. నా చేతి పని ఎప్పుడూ నీటుగానే ఉంటుంది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. సొంత అక్క కాదు, అంతకంటే ఎక్కువ. ఎండుచేపలు అమ్మేది. నా కుక్కకు చేపతలలు పెట్టేది, అది ఆమె గడపలోనే పడుకునేది. ఏడాది తిరిగేలోపు ఒక పొద్దున అది ఊరికే ఆమె మణికట్టు పట్టుకుంది. చిన్న గాటు. షెడ్డుకు వచ్చి చెయ్యి చూపించింది.

"తమ్ముడా, నీ కుక్క కొరికిందిరా. అన్నం పెట్టిన చేతినే. పేటకు పోయి సూది వేయించుకోమంటావా?"

నేను వలలోంచి తల ఎత్తలేదు.

"తాడు ఉండాది కదక్కా. ఏం కాదులే, పసుపు పెట్టుకో."

ఆ తాడు కట్టింది నేనేనని ఆ నిమిషంలో గుర్తు రాలేదంటే మీరు నమ్మరు. నేనూ నమ్మను.

రెండు రోజులకు కుక్క కనబడకుండా పోయింది. వారానికి, సరుగుడు తోటలో పుల్లలు ఏరుకునే ఒకతను చచ్చిపడి ఉన్న కుక్కను చూశాడు. పాము కరిచిందేమో అన్నారు. నేనూ పామే అన్నాను. అతను కుక్కను అక్కడే వదిలేసి, మెడలో తాడును మాత్రం కత్తితో కోసి తెచ్చుకున్నాడు. వాళ్లింట్లో కొత్త కుక్కపిల్ల ఉంది మరి.

రెండు నెలలు దాటాక, నీళ్ల గ్లాసు చేతికిస్తే అక్క విసిరికొట్టింది. మూడు రోజులు బతికింది. అంతకంటే రాయను.

సారును పిలిపించారు. షెడ్డులో పాళెమంతా కూర్చుంది. ఆయన రాగానే, అక్కకు సేవ చేసిన వాళ్లందరూ ఈరోజే పెద్దాసుపత్రికి పోయి సూదులు వేయించుకోండని చెప్పారు. మళ్లీ మళ్లీ చెప్పారు. ఎవరికీ ఆ మాట వినే ఓపిక లేదు.

"సూది వేసిన కుక్క కొరికితే మనిషెట్ట చచ్చిపోయింది?" పాళెం పెద్ద అడిగాడు. "ఐసు కరిగిపోయినా అట్నే పొడిచినావు. నువ్వు వేసింది నీళ్ల సూది."

పుల్లల మనిషి తాడు తెచ్చి ఆయన ముందు పడేశాడు. కోసింది ఒకవైపు, ముడి చెక్కుచెదరలేదు. సారు దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ముడి పక్కన కొసలు పొట్టిగా, నల్లగా, కాలి గట్టిపడి ఉన్నాయి. బొటనవేలితో వాటిని ఒకసారి తడిమారు. తర్వాత తల ఎత్తి, అంతమందిలో నన్ను వెతుక్కుని చూశారు.

నేను నా కాలివేళ్లు చూసుకున్నాను.

"చెప్పవయ్యా, మాట్లాడవేం?" అని అరిచారు ఆడవాళ్లు. ఆయన మాట్లాడలేదు. నాకు తెలిసి ఆయన మాట్లాడకుండా కూర్చున్నది ఆ ఒక్కరోజే. మాట్లాడలేదు కాబట్టి తప్పు ఆయనదేనని అందరూ లేచారు. ఒకతను మోపెడ్ మీది పెట్టెను తన్నాడు. ఆయన మందు సీసాలు ఇసుకలోంచి ఏరుకుంటుంటే ఎవరూ వంగలేదు. నాకు నడుం బాగాలేదని ముందే చెప్పాను కదా.

ఆ తర్వాత రెండేళ్లు కూడా ఆయన వేళ తప్పకుండా వచ్చారు. ఒక్క కుక్కా రాలేదు. షెడ్డులో పెట్టె పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా పేపరు చదివి, ఎవరికైనా పిల్లి మాత్ర కావాలేమో అడిగి, లేచి పోయేవారు. పది గజాల దూరంలో నేను వల కుట్టుకుంటూ ఉండేవాడిని. ఆయన మీద పెద్దలు రాసి పంపిన అర్జీ పనిచేసిందో లేక మామూలు వరసలో వచ్చిందో, ఆయనకు బదిలీ అయింది. పోయే రోజు నా దగ్గర బండి ఆపి, "కొంచెం దారం ఉంటే ఇస్తావా అబ్బయా?" అన్నారు. ఒక ఉండ ఇచ్చాను. కాసేపు చేతిలో పెట్టుకుని నిలబడి, పోయారు.

ఆయన రిటైరయ్యాక ఒకసారి గూడూరు స్టేషను బయట కనబడ్డారు. టీ ఇప్పించారు. మనిషి సగమయ్యారు.

"సార్, ఆ తాడు..."

"టీ చల్లారతాది, తాగు."

"మీకు ఆ రోజే తెలిసింది. ఎందుకు చెప్పలేదు సార్?"

"నేను చెప్తే నిన్ను వెలేస్తారు. నువ్వే చెప్పుకుంటే రెండు తన్ని వదిలేస్తారు. చెప్తావని చూసినా." గ్లాసు కింద పెట్టారు. "ఆ రోజు చెప్తావనుకున్నా. తెల్లారి చెప్తావనుకున్నా. బదిలీ రోజు నీ షెడ్డు కాడ ఆగినా కూడా. దారం నాకెందుకబ్బయా?"

నా గ్లాసు కూడా కింద పెట్టాను.

"ఇప్పుడు చెప్తా సార్. పోయి మీ పేరు..."

"నా పేరును నేనేం చేసుకుంటా? అక్కడ ఇన్ని కుక్కలుండాయి, ఒక్కదానికీ సూది లేదు. పిల్లకాయలు వాటి మధ్యనే ఆడతా ఉండారు. అది చూసుకో."

చెప్తానని మాటిచ్చి రైలెక్కాను. నాలుగేళ్లయింది. రేపు అనడం నాకు అలవాటే కదా.

ఆయన దగ్గర పని నేర్చుకున్న డాక్టరమ్మ ఒకామె ఇప్పుడు మా ఆసుపత్రికి వచ్చింది. సారు పేరు మీద నాలుగు మాటలు చెప్పుకుని, ఆ పూటే కుక్కలకు పిల్లులకు సూదులు వేద్దామని ఈరోజు షెడ్డులో మీటింగు పెట్టించింది. కుర్చీలో ఫోటో, ఫోటోకు దండ, టీ, బిస్కెట్లు. పాళెమంతా వచ్చింది, కుక్కల్ని మాత్రం ఇళ్ల దగ్గర కట్టేసి వచ్చింది. నా వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"మంచోడే పాపం."

"ఆ, మనిషి మంచోడే. మందే మంచిది కాదు."

డాక్టరమ్మ నా దగ్గరకొచ్చి, "ఒక్కరూ తేలేదేందన్నా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు బిస్కెట్ తింటున్న ముసలామె జవాబు చెప్పింది. "ఆ సూదిని నమ్మే కదమ్మా ఒకామె పోయింది."

పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన్ను పొగుడుతున్నారు. అర్జీ రాసిన చెయ్యి కూడా దండం పెట్టింది. నేను మూలన కూర్చుని, పంతులు జిల్లా పత్రికకు పంపుతానన్న ఈ కాగితం మీద రాస్తున్నాను, నోటితో రానిది చేత్తోనైనా వస్తుందేమోనని.

షెడ్డు బయట ఎండలో అక్క కూతురు నిలబడి ఉంది. అచ్చం అక్క పోలికే. చీర కొంగులో చుట్టి ఒక కుక్కపిల్లను ఎత్తుకుంది. మూడు నెలలు ఉంటాయేమో, దాని తల ఒక్కటే బయటికి కనబడుతోంది. లోపలికి ఒక అడుగు వేస్తుంది, మళ్లీ వెనక్కి పోతుంది. డాక్టరమ్మ చెయ్యి ఊపి పిలిచింది. ఆమె పిల్లను ఇంకా దగ్గరికి అదుముకుని, తల అడ్డంగా ఊపింది.

"ఏందన్నా, ఇంకా రాస్తానే ఉండావు?" పంతులు పిలుస్తున్నాడు. "నీ వంతొచ్చింది, లెయ్. ఆయనకు దగ్గరోడివి నువ్వే కదా."

వస్తా ఉండా అన్నాను. ఫోటో వైపు తిరగను, పెద్దల వైపు తిరగను. ఎండలో నిలబడిన అక్క కూతురి వైపు తిరిగి మొదటి మాట ఇదే చెప్పాలి. అమ్మా, మీ అమ్మను కొరికిన కుక్కకు...