యాభయ్యో రోజు మార్నింగ్ షో

సినిమా బాగుందా లేదా అన్నది మా యవ్వనంలో రెండో ప్రశ్న. ఎన్ని రోజులు ఆడింది అన్నదే మొదటిది. ఇప్పుడు మా ఉప్పల్ మాల్‌లో ఈ శుక్రవారం వచ్చిన బొమ్మ వచ్చే శుక్రవారానికి ఏ తెర మీదా కనిపించదు, అందుకు ఎవరూ బాధపడరు. నేను ఒక సినిమాను యాభై రోజులు ఆడించడానికి పడిన పాట్లు మాత్రం నాటి డైరీలో పేజీలకు పేజీలు ఉన్నాయి.

అప్పట్లో నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు గుమస్తాను. ఉప్పల్‌లో మా హీరో అభిమాన సంఘానికి కార్యదర్శిని కూడా (దస్తూరి బాగుందని ఇచ్చిన పదవి). సినిమా మూడో వారానికే చతికిలబడింది. మా అక్క భర్త ఎదుటి హీరో మనిషి. "మీవోని సిన్మా యాభై రోజులాడితే నేనే వచ్చి కటౌట్‌కు దండేస్తరా బామ్మర్ది! గని హాల్ల జనం ఉండాలె, ఖాళీ కుర్సీలకు ఆడిస్తే ఒప్పుకోను" అన్నాడు బావ, అక్క వింటుండగా. ఇక వెనక్కి తగ్గేది లేదనుకున్నాను.

థియేటర్ మేనేజర్ అప్పటికే మార్నింగ్ షో ఒక్కటే ఉంచాడు. "వచ్చే వారం నుంచి పది మందన్న లేకుంటే ఆట ఏసుడు లేదు, సెక్రెటరీ సాబ్" అన్నాడు. ఆ ఆటకు వస్తున్నదెవరో రెండు రోజులు గమనించాను. ముగ్గురు నలుగురు నైట్ షిఫ్టు కార్మికులు. రేకుల గదుల్లో ఉక్కకు పగలు నిద్ర పట్టక, ఫ్యాన్ల కింద చీకట్లో పడుకోవడానికి వస్తున్నారు. దారి దొరికింది. మర్నాడు పొద్దున్నే నాచారం ఫ్యాక్టరీ గేటు దగ్గర నైట్ షిఫ్టు దిగేవాళ్ల కోసం నిలబడ్డాను.

"సిన్మా ఎట్లుంటది తమ్మీ?" అడిగాడు వాళ్లలో పెద్దవాడు.

"లొల్లి ఉండదన్నా. పాటలు గూడ మెల్లగనే ఉంటయ్."

"ఫైట్లు?"

"ఒక్కటే. అది లాస్టుకు. అప్పటికి మీరు లేవాల్సిన టైమే."

వాళ్లు వచ్చారు, తోటివాళ్లనూ తెచ్చారు. యాభయ్యో రోజున నలభై మంది! ఆ రోజే బావ కూడా నైట్ డ్యూటీ దిగి, నేరుగా తనిఖీకి వచ్చాడు. చీకట్లో తలలు చూసి, "ఏందిరా, ఒక్కడు గూడ ఈల కొడ్తలేడు?" అన్నాడు.

"కథల మునిగిపోయిన్రు బావా."

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగితే నా పరువు గంగలో కలుస్తుంది. ఆపరేటర్ గదికి పరుగెత్తాను. "అన్నా, ఇయ్యాల ఇంటర్వెల్ ఇయ్యకు, నీకు దండం పెడ్త!"

"ఇంటర్వెల్ ఇయ్యకుంటే క్యాంటీనోడు నన్ను సంపుతడు" అంటూ లైట్లు వేశాడు.

కిందికి వచ్చాను. నలభై మందీ నోళ్లు తెరుచుకుని ఉన్నారు. వాళ్ల మధ్య, ఆ పెద్దాయన భుజం మీద తల వాల్చి, అందరికంటే గట్టిగా గురక పెడుతున్నాడు మా బావ! చప్పుడు చెయ్యకుండా పక్కన కూర్చున్నాను.

చివరి ఫైటుకు అందరితోపాటు లేచి కళ్లు నులుముకున్నాడు. "ఎట్లుంది బావా?" అన్నాను.

"మస్తుంది రా. పానం నిమ్మలమైంది" అని, అన్న మాట ప్రకారం హీరో కటౌట్‌కు తన చేతులతో దండ వేశాడు.

తర్వాత ఎవరైనా ఆ సినిమా కథ అడిగితే బావ మాట మార్చేవాడు. నేనూ మార్చేవాణ్ణి. ఎందుకంటే మొదటి వారాలు ఈలలు వెయ్యడంతో, కాగితాలు చల్లడంతో గడిచిపోయాయి. ఆ తర్వాత దాదాపు నెల రోజులు ఆ హాల్లో ఉన్నానన్నమాటేగాని, తెరకు వీపు పెట్టి తలలు లెక్కపెట్టడంతోనే సరిపోయింది. మొన్న టీవీలో ఆ సినిమా వేస్తే మొదటిసారి మొదటినుంచి చివరిదాకా చూశాను. చెప్పకూడదుగానీ, నిజంగానే యాభై రోజులు ఆడదగ్గ సినిమా. ఆ కార్యదర్శి కుర్రాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే బాగుండేది.