దొంగ చెప్పుల మీద పంచాయితీ

ఆ రోజుల్లో నాకు అంత తొందరగా నవ్వు వచ్చేది కాదు. రాకపోవడం ఒక అర్హత అనుకునేవాణ్ణి. సూర్యాపేటలో ఒక ట్రాక్టర్ల షోరూంలో కొత్తగా ఉద్యోగం. రైతులెవరూ రాని వేళ చూసుకొని, అమ్మకానికి పెట్టిన ట్రాక్టరు సీటు మీదెక్కి (మేనేజరు లేనప్పుడే లెండి) ఫోన్లో స్టాండప్ కామెడీ వీడియోలు చూడడం నా ముఖ్యమైన పని. చూసేది నవ్వడానికి కాదు, తీర్పు చెప్పడానికి. ఎక్కడో హైదరాబాదులో ఒక మనిషి స్టేజీ మీద ఒంటరిగా నిలబడి, మైకు పట్టుకొని, నలుగురిని నవ్వించడానికి చెమటోడుస్తుంటే, ఇక్కడ నేను పరీక్ష పేపర్లు దిద్దే సారులాగా ముఖం ముడుచుకొని కూర్చునేవాణ్ణి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు మాట్లాడే గడ్డం అబ్బాయికి బస్సెక్కిన అనుభవం కూడా లేదని తేల్చేశాను. మాటకొక బూతు వాడేవాడి దగ్గర బూతులు తీసేస్తే స్టేజీ మీద మిగిలేది మంచినీళ్ళ సీసా ఒక్కటే అనేవాణ్ణి (ఈ మాట నాకే చాలా నచ్చి, అడగనివాళ్ళకు కూడా చెప్పాను). భార్య మీద జోకులేసి బతికే పెద్దాయన్ని చూస్తే ఆ ఇల్లాలి మీద జాలేసేది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి మాత్రం నాకు నచ్చేది. హాస్టల్ వార్డెన్ గురించి, బస్సు కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫ్ విసరడం గురించి గొంతు పెంచకుండా చెప్పేది. ఆమె జోకులకైనా నేను నవ్వేవాణ్ణి కాదు, మెచ్చుకోలుగా తల ఊపేవాణ్ణి.

అందరికంటే ఎక్కువ కోపం ఎర్ర చొక్కా కుర్రాడి మీద. ఎప్పుడు చూసినా అదే ఎర్ర చొక్కా, ఎప్పుడూ వాళ్ళ నాన్న ముచ్చట్లే. టీ కొట్టు దగ్గర మా దోస్తులంతా వాడి మాటలు చెప్పుకొని పగలబడి నవ్వుతుంటే, నేను గ్లాసు కింద పెట్టి, "వానికున్న పేరుకూ వాని దగ్గరున్న సరుకుకూ పొంతన లేదురా" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వు ఆపేసేవాళ్ళు. వాళ్ళు నా మాట ఒప్పుకున్నారనుకునేవాణ్ణి కానీ, వాళ్ళ టీ చల్లారిపోతోందని తెలిసేది కాదు.

సరిగ్గా అప్పుడే మా అక్కకు కోదాడ సంబంధం కుదిరింది. పిల్లవాడికి కోదాడలో ఎరువుల దుకాణం. తక్కువ మాట్లాడే మనిషి. తండ్రి పక్షవాతంతో చాలాకాలం మంచం మీదే ఉండి, పోయి ఏడాది దాటింది. ఇంటి పెద్దరికమంతా వాళ్ళ బాబాయిది. మా వైపు నుంచి సంబంధం తెచ్చింది మిర్యాలగూడ మేనమామ. రైసుమిల్లులో ధాన్యం చూసే ఆయన, గుప్పిట్లోకి తీసుకొని ఒక గింజ కొరికితే తేమెంతో చెప్పేవాడు, మనుషుల సంగతి కూడా అలాగే తెలుస్తుందని ఆయన నమ్మకం. పూలు పండ్లు కూడా అయిపోయాయి, అంటే పదిమందిలో మాట ఖాయమైనట్టు. అక్క ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఏదో ఒకటి సర్దుతూ తనలో తనే మురిసిపోతుండేది. అక్కకు అంతకుముందు వచ్చిన సంబంధాలు రెండు ఇలాగే ఖాయమై చెడిపోయాయి. ఇది నిలబడాలని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ, అందరం అదే అనుకుంటున్నాం.

కాబోయే బావకు నాతో చనువు పెంచుకోవాలనిపించింది పాపం. ఒకరోజు మధ్యాహ్నం ఫోనుకు ఒక వీడియో పంపాడు. కింద, "బామ్మర్దీ, ఇది చూడు. ఇంత బాగా చెప్పేవాడు ఇంకొకడు లేడు" అని రాశాడు. తెరిచాను. ఎర్ర చొక్కా.

జోకు ఇదీ. వాళ్ళ నాన్నకు కొడుకు కొత్త చెప్పులు కొనిస్తాడు. ఎక్కడైనా పోతాయేమోనని నాన్న వాటిని గుడికి వేసుకెళ్ళడు, పెళ్ళికి వేసుకెళ్ళడు, కవరులో చుట్టి బీరువాలో దాస్తాడు. ఒకనాడు ఇంట్లో దొంగ పడతాడు. ఆ కొత్త చెప్పులు తొడుక్కొని, తన పాతవి అక్కడే వదిలేసి పోతాడు. పొద్దున్నే నాన్న లేచి చూసి, "పోనీలేరా, వాడివి కూడా బాగానే ఉన్నాయి" అని, ఆ దొంగ చెప్పుల్ని అదే కవరులో చుట్టి మళ్ళీ బీరువాలో పెట్టేస్తాడు.

మీకు నవ్వొచ్చి ఉంటే మంచిదే. నాకు మాత్రం అందులో లోపాలే కనిపించాయి. దొంగతనానికి వచ్చినవాడు చెప్పులతో బీరువా దాకా ఎందుకొస్తాడు? ఇద్దరి పాదాల కొలత ఒకటేనా? ఇవన్నీ వివరంగా రాసి, చివర్లో, "ఇట్లాంటిదానికి నవ్వేవాళ్ళు గోడను చూసినా నవ్వుతారు బావా" అని ముగించాను. రాశాక ఆ వాక్యం ఎంతో అందంగా అనిపించి, స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను. బావ చదివినట్టు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆ వారంలోనే కోదాడ నుంచి కబురు. లగ్గం పెట్టుకోవడం కొన్నాళ్ళు ఆపుదాం, అబ్బాయికి మనసు బాగా లేదు అని. అంతే, ఇంకో ముక్క లేదు. ఇల్లంతా పరేషాన్. అక్క ఎవరికో ఏదో జవాబు చెప్పాల్సినట్టు గుమ్మం దగ్గరే నిలబడి ఉండేది. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "తమ్మీ, నువ్వేమన్న అన్నవారా?" అంది. నేనేమీ అనలేదన్నాను. నిజంగానే ఏమీ అనలేదనుకున్నాను. ఫోను చూపించమంది. చూపించాను. చదివి, ఫోను నా చేతిలో పెట్టి, "నవ్వొస్తే నవ్వు, లేకుంటే ఊకుండు. రాసుడెందుకురా?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె తిట్టినా బాగుండేది.

మేనమామకు ఫోన్లో సంగతి చెబితే నమ్మలేదు. "గింత ముచ్చటకు పెండ్లి ఆగుతదారా? లోపల ఇంకేదో ఉన్నది. పెద్దమనుషుల్లో కూసుంటెనే బయటికొస్తది" అన్నాడు. మా దగ్గర ఇది పద్ధతి. రెండు కుటుంబాల మధ్య మాట తేడా వస్తే రెండు ఊళ్ళకూ నడిమధ్య కూర్చోవాలి, ఎవరూ ఎవరి గడపా తొక్కకూడదు. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య మునగాల. అక్కడ హైవే మీద ఒక ధాబా. మా వైపు మా నాయన, మేనమామ, నేను. వాళ్ళ వైపు బాబాయి, బావ. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకొని, భుజాల మీద తువ్వాళ్ళు సర్దుకొని కూర్చున్నారు. ధాబా ఆయన టీలు పెట్టి, ఇదేదో పొలం గట్టు తగాదా అనుకొని దూరంగా వెళ్ళిపోయాడు.

నన్ను లేచి చెప్పమన్నారు. చెప్పాను. చెబుతుంటే నా వాదన నాకే వింతగా వినిపించింది. బాబాయి చాలాసేపు ఆలోచించి, "ఆ ఎర్ర చొక్కా అబ్బాయి మీకు ఏమవుతాడండీ?" అని మా నాయన్ని అడిగాడు. ఏమీ కాడన్నాడు నాయన. "మీకేమైతడు?" అని మేనమామ ఎదురు ప్రశ్న వేశాడు. వాళ్ళకూ ఏమీ కాడు. "ఎవరికేమీ కానోని గురించి లొల్లేంది మరి?" అని మేనమామ నా వైపు చూశాడు. అసలు సంగతేమిటో చూస్తే గాని తీర్పు చెప్పలేమని పెద్దలు నిర్ణయించారు. బావ తన ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టి, వీడియో పెట్టాడు.

జీవితంలో ఎన్నో కామెడీలు చూశాను గానీ, అంత గంభీరంగా చూసింది అదే. పంచాయితీలో నవ్వడం మర్యాద కాదు కనక ముగ్గురు పెద్దలూ ముందుకు వంగి, సాక్షి చెప్పే మాట వింటున్నట్టు విన్నారు. చెప్పులు బీరువాలో పెట్టగానే బాబాయి తల ఊపాడు, ఆయన కూడా అక్కడే దాస్తాడేమో. దొంగ రాగానే మేనమామ, "కేసు పెట్టిండ్రా?" అని అడిగాడు. నాన్న ఆ దొంగ చెప్పుల్ని కవరులో చుట్టి బీరువాలో పెట్టాడు. అక్కడ, తర్వాతి మాట మొదలయ్యేలోపు, బావ వేలు దానంతట అదే వెళ్ళి వీడియోను ఆపేసింది.

తెర మీద ఎర్ర చొక్కా కుర్రాడు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. కొంతసేపయ్యాక బావ మళ్ళీ వేలు పెట్టాడు, వీడియో కదిలింది.

"ఎందుకాపావురా?" అన్నాడు బాబాయి.

బావ ఉలిక్కిపడ్డాడు, తను ఆపిన సంగతి తనకే తెలియనట్టు. "ఇక్కడ నాన్న నవ్వేవాడు బాబాయ్" అన్నాడు. "నవ్వితే దగ్గొచ్చేది. తర్వాతి మాట వినపడేది కాదు. అందుకని నవ్వు అయ్యేదాకా ఆపేవాణ్ణి. మాట పడిపోయాక ఆయన నవ్వింది దీనికొక్కదానికే. రోజూ పెట్టమని చేత్తో సైగ చేసేవాడు." నన్ను మాత్రం చూడలేదు. "గోడను చూసినా నవ్వేవాళ్ళని రాశాడు. నిజమే, ఆయన కళ్ళెదురుగా ఉండేది గోడే."

మా నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మేనమామకు మాత్రం ఇలాంటప్పుడు ఏదో ఒక తీర్పు చెప్పకపోతే ఊపిరాడదు. గొంతు సవరించుకొని, "ఇగ పెట్టుర మళ్ళ" అని, నా వైపు తిరిగి, "అల్లుడా, నువ్వు గా మాటకు ఒక్కసారి నవ్వు. పదిమందిల నవ్వితివంటే ఖతం" అన్నాడు. అక్క పెళ్ళి నా నవ్వు మీదికొచ్చి ఆగింది. వీడియో మళ్ళీ పెట్టారు. నేను నోరు తెరిచాను. వచ్చిన శబ్దం నవ్వు కాదు, షోరూంలో బ్యాటరీ అయిపోయిన ట్రాక్టరు తాళం తిప్పితే వచ్చే చప్పుడు. రెండోసారి ప్రయత్నించాను, కళ్ళలో నీళ్ళొచ్చాయి తప్ప నవ్వు రాలేదు.

"వద్దు, ఊరుకోండి" అన్నాడు బావ. "రానిది ఎక్కణ్ణుంచి తెస్తాడు?" ఆ తర్వాత నా వైపు కుర్చీ జరుపుకొని, మొదటిసారి నన్ను చూసి, "నీకు నవ్వొచ్చేది ఏదో ఉంటుందిగా, అది పెట్టు బామ్మర్దీ" అన్నాడు. కళ్ళజోడు అమ్మాయిని పెట్టాను. కర్చీఫ్ ముచ్చట. బావ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని, ఒక్క మాట వదలకుండా చివరిదాకా చూశాడు. పెదవి కూడా కదలలేదు. అయిపోయాక నన్ను నొప్పించని మాట వెతుక్కొని, "అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడుతుంది" అన్నాడు.

నాకు నవ్వొచ్చేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు, కుర్చీలోంచి జారేంత నవ్వు. బావ నన్ను చూసి ముందు కంగారుపడి, తర్వాత తనూ నవ్వాడు. ఇద్దరం ఎందుకు నవ్వుతున్నామో పెద్దలకు అర్థం కాలేదు. బాబాయి టీ తాగేసి గ్లాసు బోర్లించి, "నవ్వుకున్నారుగా, ఇంక లగ్గం చూడండి" అన్నాడు. పంచాయితీలో ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క కోదాడ వెళ్ళి కొన్నేళ్ళయింది. ఈమధ్య మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్లో ఎర్ర చొక్కా కుర్రాడి ప్రోగ్రాం పడితే, బావా నేనూ వెళ్ళాం. ఇప్పుడు చొక్కా ఎర్రది కాదు, మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు, జోకులన్నీ తన పెళ్ళి గురించే. హాలంతా నవ్వుతోంది. బావ మాత్రం నవ్వడం లేదు, కుర్చీ అంచున కూర్చొని ఎదురు చూస్తున్నాడు. ఆ జోకు రావడం లేదు. చివరికి అతను అందరికీ దండం పెట్టి మైకు స్టాండుకు తగిలించబోతుంటే నేను లేచి నిలబడి, "అన్నా, దొంగ చెప్పులది చెప్పన్నా!" అని గట్టిగా అరిచాను. హాలు మొత్తం నా వైపు తిరిగింది. "అది బాగా పాతదన్నా" అన్నాడతను మొహమాటపడుతూ. "పాతదే కావాలన్నా, ఆ ఒక్కటి చెప్పు" అని చేతులు జోడించాను. వాడి దగ్గర సరుకు లేదని ఊరంతా చాటిన అప్పటి నేను, ఆ ఇరవై నాలుగేళ్ళ పెద్దమనిషి, ఎక్కడైనా వెనక కూర్చొని నన్ను చూస్తే ఏమనుకుంటాడోనని తలచుకొని, నాలో నేనే నవ్వుకున్నాను. వాడి మీద కోపం రాలేదు. తెలియని వయసు, అంతే.

అతను చెప్పాడు. హాలు హోరెత్తింది. నాకు అప్పుడు కూడా నవ్వు రాలేదు, ఉన్నమాట చెప్పాలి కదా. బావ కూడా నవ్వలేదు. కుర్చీలోంచి సగం లేచి వెనక్కి తిరిగి, పెళ్ళి భోజనాల్లో అందరికీ వడ్డన అందిందా లేదా అని చూసే ఇంటాయనలాగా, వరస వరసా జనం ముఖాల్ని చూస్తున్నాడు. చూసి కూర్చొని, "వెనకవాళ్ళు కూడా నవ్వారు, చూశావా బామ్మర్దీ?" అన్నాడు.

"చూసిన బావా" అన్నాను. చూడలేదు. నేను బావనే చూస్తున్నాను.